మందు మార్చాలా, వద్దా? తలసేమియా బిడ్డల తల్లిదండ్రులకు



“డాక్టరమ్మా, ఈ సూదిమందు మా బాబుకు పనిచేయడం లేదు. మాత్రల్లోకి మార్చండమ్మా. పక్క ఊరి పాపకు మాత్రలే ఇస్తున్నారంట.”

రక్తం ఎక్కించడానికి కొడుకును తీసుకుని వచ్చిన ఒక తల్లి ఓపీలో అన్న మాటలివి. ఖమ్మం వైపు పల్లె వారిది. తండ్రి మిరప తోటల్లో కూలికి వెళతాడు. బాబుకు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఏడాది నిండకముందే తలసేమియా మేజర్ అని తేలింది. అప్పటి నుంచి మూడు వారాలకో, నాలుగు వారాలకో రక్తం ఎక్కిస్తూనే ఉన్నారు. (ఆ కుటుంబం ఎవరో తెలియకుండా ఉండేందుకు కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాం.)

ఆ తల్లి చేతి సంచిలో రిపోర్టులన్నీ తేదీల వరసలో ఉన్నాయి. ఏడాది కిందట ఫెర్రిటిన్ 2,100. ఆరు నెలల తర్వాత 3,200. ఇప్పుడు 4,300. మందు వాడుతుంటే తగ్గాల్సిన అంకె పెరుగుతోంది. మందు మార్చమని ఆమె అడగడంలో తప్పేముంది?

తప్పేమీ లేదు. కానీ డాక్టరు గారు ఆ రోజు మందు మార్చలేదు. ఎందుకు మార్చలేదో, తర్వాత ఏం జరిగిందో చెబితే, ఇదే ప్రశ్న మనసులో ఉన్న చాలామంది తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

రక్తం ప్రాణం పోస్తుంది, ఇనుము మిగిలిపోతుంది

తలసేమియా మేజర్ ఉన్న బిడ్డ ఒంట్లో మంచి హిమోగ్లోబిన్ తగినంత తయారు కాదు. అందుకే క్రమం తప్పకుండా రక్తం ఎక్కించాలి. అయితే ఒక్కో యూనిట్ రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన శరీరం రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి ఇనుమును బయటకు పంపలేదు. అంతకంటే ఎక్కువ వస్తే దాచుకోవడమే దానికి తెలుసు.

లెక్క వేసి చూడండి. నెలకు రెండు యూనిట్ల చొప్పున ఏడాదికి 24 యూనిట్లు. అంటే దాదాపు ఐదు గ్రాముల ఇనుము. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి ఒంట్లో మొత్తం కలిపి ఉండేదే మూడు నాలుగు గ్రాములు! ఈ అదనపు ఇనుము ముందు కాలేయంలో చేరుతుంది. తర్వాత గుండెలో, ఎదుగుదలకు, యుక్తవయసుకు, చక్కెర అదుపుకు అవసరమైన గ్రంథులలో పేరుకుంటుంది. పిల్లలు పొట్టిగా ఉండిపోవడానికి, యుక్తవయసు ఆలస్యం కావడానికి, షుగరు రావడానికి, చివరకు గుండె బలహీనపడటానికి ఇదే కారణం.

కాబట్టి రక్తం ఎంత ముఖ్యమో, ఇనుము తీసే మందు అంతే ముఖ్యం. సాధారణంగా పది నుంచి ఇరవై సార్లు రక్తం ఎక్కించాక, లేదా ఫెర్రిటిన్ 1,000 దాటాక ఈ మందు మొదలుపెడతారు. ఇక ఆపకుండా వాడాల్సిందే.

మూడు మందులు, మూడు స్వభావాలు

ఇనుము తీసే మందులు ఇప్పుడు మూడు ఉన్నాయి. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని లేదు. ఒక్కోదానికి ఒక్కో బలం, ఒక్కో ఇబ్బంది.

మొదటిది డెస్‌ఫెరాక్సమిన్. 1960ల నుంచి వాడుకలో ఉన్న సూదిమందు ఇది. ఒంట్లోకి వెళ్లాక ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఒక్కసారిగా ఇస్తే చాలదు. చిన్న పంపు సాయంతో, పొట్ట దగ్గర చర్మం కింద సన్నని సూది పెట్టి, రాత్రంతా ఎనిమిది నుంచి పన్నెండు గంటల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. వారానికి కనీసం ఐదు రాత్రులు. దశాబ్దాల అనుభవం ఉన్న మందు. ఇబ్బందులు: సూది పెట్టిన చోట గట్టిపడటం, దురద, వాపు. మోతాదు మితిమీరితే వినికిడి, చూపు దెబ్బతినవచ్చు, పిల్లల ఎదుగుదల మందగించవచ్చు.

రెండోది డెఫెరిప్రోన్. నోటితో వేసుకునే మందు. 1990ల మధ్యలోనే మన దేశంలో అందుబాటులోకి వచ్చింది. అమెరికాలో 2011లో గానీ అనుమతి రాలేదు. రోజుకు మూడు పూటలు వేసుకోవాలి. గుండెలో చేరిన ఇనుమును తీయడంలో దీనికి మంచి పేరుంది. మూత్రం ఎర్రగా రావచ్చు, దానికి భయపడనక్కర్లేదు. మోకాళ్ల నొప్పులు, వాపు రావచ్చు. అసలు జాగ్రత్త పడాల్సింది మరొకటి ఉంది. వాడేవారిలో నూటికి సుమారు ఒకరిలో తెల్లరక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. అప్పుడు మామూలు ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ముఖ్యంగా మొదటి నెలల్లో వారం వారం రక్తకణాల పరీక్ష చేయించాలి.

మూడోది డెఫెరాసిరాక్స్. 2005లో అమెరికాలో అనుమతి పొంది, తర్వాత మన దేశానికి వచ్చింది. రోజుకు ఒక్కసారి వేసుకుంటే చాలు. అందుకే తల్లిదండ్రులందరూ అడిగేది దీన్నే. అయితే ఇది మూత్రపిండాల మీద, కాలేయం మీద ప్రభావం చూపవచ్చు. కడుపునొప్పి, విరేచనాలు, ఒంటిమీద దద్దుర్లు రావచ్చు. అరుదుగా కడుపులో పుండు పడి రక్తస్రావం కావచ్చు. మొదటి నెల వారం వారం, తర్వాత నెలకొకసారి క్రియాటినిన్ చూడాలి. కాలేయ పరీక్షలు కూడా చేయిస్తుండాలి.

కొందరికి రెండు మందులు కలిపి ఇవ్వవలసి వస్తుంది. ఇవన్నీ డాక్టరు నిర్ణయించవలసినవే. కానీ ఆ నిర్ణయానికి కావలసిన సగం సమాచారం మీ ఇంట్లోనే ఉంటుంది. మన కథలో జరిగింది అదే.

పనిచేయని మందా? లోపలికి వెళ్లని మందా?

డాక్టరు గారు రిపోర్టులు చూశాక తల్లిని బయట కూర్చోమన్నారు. బాబును ఒక్కడినే దగ్గరకు పిలిచారు.

“నాన్నా, నిజంగా చెప్పు. నేను తిట్టను. వారంలో ఎన్ని రాత్రులు తెల్లారేదాకా సూది ఉంటుంది?”

బాబు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు వేళ్లు చూపించాడు.

తల్లి రోజూ రాత్రి తొమ్మిదింటికి మందు కలిపి, సూది గుచ్చి, పంపు బిగించేది. పగలంతా ఎండలో పనిచేసి వచ్చిన మనిషి, పక్కనే పడుకుని నిద్రపోయేది. ఆమె నిద్రపోయాక బాబు సూది తీసేసేవాడు. సిరంజిలో మిగిలిన మందును పెరట్లో పారబోసి, తెల్లవారుజామున ఖాళీ సిరంజిని మళ్లీ పంపులో పెట్టేవాడు. పొద్దున లేచి తల్లి చూసేది ఖాళీ సిరంజినే. మందంతా వెళ్లిందని సంతోషించేది.

“ఎందుకు తీసేస్తున్నావు బాబూ? నొప్పా?”

“నొప్పి అలవాటే. బోర్లా పడుకుంటే సూది గుచ్చుకుంటది. నాకు బోర్లా పడుకుంటేనే నిద్ర వస్తది.”

అంతే కారణం. ఏడాది పాటు గుండె మీద ఇనుము పేరుకోవడానికి వెనుక ఉన్నది ఒక పిల్లవాడి నిద్ర. ఇది విని నవ్వుకోవద్దు. మూడేళ్ల వయసు నుంచి ప్రతి రాత్రీ సూది గుచ్చించుకున్న పిల్లవాడు, పదమూడేళ్లు వచ్చాక ఒక్క రాత్రి మిగతా పిల్లల్లా పడుకోవాలనుకోవడం నేరమా?

ఈ మాట తల్లికి ఎవరు చెప్పాలి? డాక్టరు గారు ఆ పని తాను చేయలేదు. “నువ్వే చెప్పు, నేను పక్కనే ఉంటాను” అన్నారు. బాబు చెప్పాడు. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ కోప్పడలేదు. “రోజూ నేనే గుచ్చుతున్న కదమ్మా, నాకు తెలవలే” అంది.

ఆ రోజే మందు మార్చి ఉంటే ఏమయ్యేది? సూదిమందు పనిచేయలేదు అని ఫైలులో రాసుకునేవాళ్లం. నిజానికి ఆ మందుకు పనిచేసే అవకాశమే దొరకలేదు. మాత్రలకు మార్చినా, మూడు పూటల్లో రెండు పూటలు ఎగ్గొడితే అదే కథ మళ్లీ మొదలయ్యేది. కాబట్టి తల్లిదండ్రులారా, మందు మార్చే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: రాసిన మందు రాసినట్టు బిడ్డ ఒంట్లోకి వెళుతోందా? తిట్టకుండా అడగండి. తిడతారని భయముంటే నిజం బయటకు రాదు.

నిర్ణయానికి ముందు చూసే లెక్కలు

ఆ తర్వాత రెండు వారాల్లో కొన్ని పరీక్షలు జరిగాయి. మందు మార్చే ప్రతి బిడ్డకూ ఇవి అవసరం కాబట్టి ఒక్కొక్కటీ చెబుతాం.

ఫెర్రిటిన్: ఒక్క రిపోర్టు చూసి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. జ్వరం, ఇన్ఫెక్షన్, కాలేయం వాపు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ దానంతట అదే పెరుగుతుంది. రెండు మూడు నెలలకొకసారి చేయించి, ఎటు పోతోందో చూడాలి. సాధారణంగా 1,000 కంటే తక్కువకు తేవడం లక్ష్యం. ఏళ్ల తరబడి 2,500 పైనే ఉంటే గుండెకు ముప్పు ఎక్కువ.

గుండె ఎమ్మారై: ‘టి-2 స్టార్’ అనే ఈ పరీక్ష గుండె కండరంలో ఇనుము ఎంత ఉందో చెబుతుంది. ఇందులో అంకె ఎంత తక్కువైతే అంత ప్రమాదం. 20 మిల్లీసెకన్లకు పైన ఉంటే నిశ్చింత. 10 నుంచి 20 మధ్య ఉంటే గుండెలో ఇనుము చేరుతోందని అర్థం. 10 కంటే తగ్గితే చాలా ప్రమాదం. ఫెర్రిటిన్ అంత ఎక్కువగా లేకున్నా గుండెలో ఇనుము ఉండవచ్చు. అందుకే ఈ పరీక్షకు అంత విలువ. సాధారణంగా పదేళ్ల వయసు నుంచి దీన్ని చేయిస్తారు. ఇది అన్ని ఊళ్లలో ఉండదు, పెద్ద నగరానికి వెళ్లాల్సి రావచ్చు.

మూత్రపిండాలు, కాలేయం: క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, కాలేయ ఎంజైములు చూడాలి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి డెఫెరాసిరాక్స్ సరిపడకపోవచ్చు.

రక్తకణాల లెక్క: తెల్లకణాలు ముందే తక్కువగా ఉన్నవారికి డెఫెరిప్రోన్ ఇవ్వడానికి వెనుకాడతారు.

కళ్లు, చెవులు: ఏడాదికొకసారి పరీక్ష చేయించాలి.

బరువు: పిల్లలు పెరుగుతారు. మందు మోతాదు కిలో బరువుకు ఇంత అని లెక్క. రెండేళ్ల కిందటి బరువుకు రాసిన మోతాదే ఇప్పటికీ వాడుతుంటే చాలదు. కొన్నిసార్లు మందు మార్చనక్కర్లేదు, మోతాదు సరిచేస్తే చాలు.

మన బాబుకు మూత్రపిండాలు, కాలేయం, రక్తకణాలు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. గుండె కొట్టుకునే బలం కూడా మామూలుగానే ఉంది. కానీ టి-2 స్టార్ 14 వచ్చింది. అంటే గుండెలోకి ఇనుము వచ్చేసింది. ఇక ఆలస్యం చేయడానికి లేదు.

ముగ్గురూ కలిసి కూర్చున్న రోజు

ఈసారి తండ్రిని కూడా రమ్మన్నారు. డాక్టరు గారు మూడు దారులు చెప్పారు. ఒకటి, సూదిమందే వారానికి ఆరు ఏడు రాత్రులు నిజాయితీగా వాడటం. రెండు, రోజుకొకసారి డెఫెరాసిరాక్స్. మూడు, పగలు డెఫెరిప్రోన్ వేసుకుంటూ, సూదిమందును కొన్ని రాత్రులకు తగ్గించి రెండూ కలిపి వాడటం.

“గుండెలో ఇనుము ఉంది కాబట్టి నాకు మూడోదే మంచిదనిపిస్తోంది. మాత్రలు ఒక్కటే కావాలంటే రెండో దారి కూడా ఉంది, అది తప్పు కాదు. కానీ మీరు చేయగలిగింది ఏదో మీరే చెప్పాలి” అన్నారు.

తల్లి ముందు రెండోదే అడిగింది. సూదుల బాధ పూర్తిగా పోతుందని ఆమె ఆశ. అప్పుడు బాబే అడ్డుపడ్డాడు.

“గుండెకు ఏది మంచిదో అదే వేయండి. వారానికి మూడు రాత్రులైతే సూది పెట్టుకుంట. తీసెయ్య. కానీ మిగతా రాత్రులు అడగొద్దు.”

ఇక మిగిలింది వారం వారం రక్తపరీక్ష. “తప్పకుండా చేయిస్తాం” అని తండ్రి వెంటనే అని ఉంటే మాకు అనుమానం వచ్చేది. ఆయన కాసేపు ఆలోచించి ఉన్నమాట చెప్పాడు. “ఇప్పుడైతే తీసుకుపోత సారమ్మా. మిరప కోతలు మొదలైతే మూడు నెలలు నాకు తీరిక దొరకదు. ఒక్క రోజు పోయినా కూలి పోతది.”

ఆ నిజాయితీయే ఆ కుటుంబాన్ని కాపాడింది. ఎందుకంటే, చేయలేమని ముందే తెలిస్తే దారి వెతకవచ్చు. బాబు మేనమామకు మండల కేంద్రంలో సైకిలు రిపేరు షాపు ఉంది. బడి కూడా అక్కడే. ప్రతి సోమవారం బడి వదిలాక మేనమామ ల్యాబుకు తీసుకెళ్లి, రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో మా సిస్టరుకు పంపేట్టు మాట్లాడుకున్నారు. వాళ్లింట్లో దీనికి ఒప్పుకున్నాకే డెఫెరిప్రోన్ రాశారు. వారం వారం పరీక్షకు ఏ ఏర్పాటూ కుదరకపోయి ఉంటే ఆ మందు రాసేవారు కాదు. వేరే దారి ఎంచుకునేవారు.

ఏడాది తర్వాత

అంతా సాఫీగా సాగిందని చెప్పం. నాలుగో నెలలో బాబుకు మోకాళ్లు నొప్పి పుట్టాయి. డాక్టరు గారు రెండు వారాలు మోతాదు తగ్గించి, మళ్లీ నెమ్మదిగా పెంచారు. ఏడో నెలలో ఒక సాయంత్రం జ్వరం వచ్చింది. తల్లి ఆ పూట డెఫెరిప్రోన్ వేయలేదు. మాకు ఫోన్ చేసి, ఆ రాత్రే ఆటోలో తీసుకెళ్లి కణాల పరీక్ష చేయించింది. తెల్లకణాలు సరిగానే ఉన్నాయి, అది మామూలు జ్వరమే. “ఊరికే భయపడి డబ్బులు ఖర్చు పెట్టించానేమో” అని ఆమె మొహమాటపడింది. లేదమ్మా, మీరు చేసిందే సరైన పని అని చెప్పాం. మీకూ అదే చెబుతున్నాం.

ఏడాది తిరిగేసరికి ఫెర్రిటిన్ 4,300 నుంచి 2,400కు దిగింది. టి-2 స్టార్ 14 నుంచి 18కి వచ్చింది. ఇంకా 20 దాటలేదు, ఇంకా చేయాల్సింది ఉంది. కానీ దారి మారింది. వారంలో నాలుగు రాత్రులు బాబు బోర్లా పడుకుంటున్నాడు.

ఎప్పుడు మార్చాలి? ఎప్పుడు మార్చకూడదు?

మందు మార్పు గురించి డాక్టరుతో మాట్లాడవలసిన సందర్భాలు ఇవి:

- మందు సరిగ్గా వాడుతున్నా, మోతాదు సరిచేసినా, ఫెర్రిటిన్ నెలల తరబడి పెరుగుతూ ఉంటే.
- ఎమ్మారైలో గుండెలో ఇనుము కనిపిస్తే.
- తట్టుకోలేని దుష్ఫలితం వస్తే: తెల్లకణాలు పడిపోవడం, క్రియాటినిన్ పెరగడం, వినికిడి తగ్గడం వంటివి.
- బిడ్డ ఆ పద్ధతిలో మందు వాడలేని స్థితికి వస్తే. ఇదీ వైద్య కారణమే. చెప్పడానికి సిగ్గుపడకండి.
- పెళ్లయిన అమ్మాయి బిడ్డ కావాలని అనుకుంటుంటే. నోటి మందులు గర్భానికి మంచివి కావు. గర్భం వచ్చాక కాదు, ముందే డాక్టరును కలవాలి.

ఇక మార్చకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. ఫెర్రిటిన్ దిగుతూ ఉండి, బిడ్డ బాగుంటే, కొత్త మందు వచ్చిందని విని మార్చకండి. పక్కింటి బిడ్డకు పడిందని మార్చకండి. వాళ్ల బిడ్డ గుండె వేరు, మూత్రపిండాలు వేరు, మీ బిడ్డవి వేరు. జ్వరంలో వచ్చిన ఒక్క రిపోర్టు చూసి మార్చకండి. ధర తక్కువని మీ అంతట మీరు మార్చకండి. డబ్బు ఇబ్బంది ఉంటే అదే మాట డాక్టరుతో అనండి. ప్రభుత్వ ఆసుపత్రుల తలసేమియా కేంద్రాల్లో ఏ మందు ఉచితంగా దొరుకుతుందో కనుక్కోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో తలసేమియాను కూడా చేర్చారు. ఆ ధ్రువపత్రం గురించి అడగండి. హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వంటి సంస్థలు కూడా ఇలాంటి కుటుంబాలకు తోడుగా ఉన్నాయి.

మధ్యలో ఆగిపోయే మంచి మందు కంటే, నెల నెలా తప్పకుండా దొరికే మందు మేలు.

పేరు అదే, రూపం వేరు: జాగ్రత్త!

ఇది చాలామందికి తెలియని సంగతి. డెఫెరాసిరాక్స్ రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి నీళ్లలో గానీ, నారింజ, యాపిల్ రసంలో గానీ కరిగించి, పరగడుపున, అన్నానికి కనీసం అరగంట ముందు తాగేది. రెండోది పూత వేసిన మాత్ర, మింగేది. ఇది అమెరికాలో 2015లో వచ్చింది. ఈ రెండింటి మోతాదు ఒకటి కాదు. పూత మాత్ర ఒంటికి ఎక్కువగా పడుతుంది కాబట్టి దాని మోతాదు సుమారు 30 శాతం తక్కువ ఉంటుంది. కరిగించే మాత్ర 1,000 మిల్లీగ్రాములు వాడే వ్యక్తికి మింగే మాత్ర దాదాపు 700 మిల్లీగ్రాములు చాలు.

షాపులో “అదే మందు, కంపెనీ వేరు” అని ఇచ్చినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి: కరిగించేదా, మింగేదా? మునుపటి దానికంటే వేరుగా ఉంటే, డాక్టరును అడిగే వరకు వేయకండి.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

కొత్త మందు చేతికి వచ్చి, ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్పే వరకు పాత మందు ఆపవద్దు. దుష్ఫలితం వల్ల డాక్టరే ఆపమంటే తప్ప, మధ్యలో ఖాళీ ఉండకూడదు.

డెఫెరిప్రోన్ వాడే బిడ్డకు జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే మందు ఆపి, ఆ రోజే కణాల పరీక్ష చేయించండి. రేపు చూద్దాంలే అనవద్దు.

డెఫెరాసిరాక్స్ వాడే బిడ్డకు వాంతులు, విరేచనాలు, తీవ్రమైన జ్వరం వస్తే ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలకు దెబ్బ తగులుతుంది. మందు ఆపి వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. నల్లగా మలం వచ్చినా అంతే. ఉపవాస ప్రార్థన దినాల్లో ఈ బిడ్డలను నీళ్లు లేకుండా ఉంచవద్దు. ఉపవాసం చేయాలని పెద్ద పిల్లలు పట్టుబడితే ముందు డాక్టరును అడగండి.

సూదిమందు వాడే బిడ్డకు జ్వరంతో పాటు కడుపునొప్పి, విరేచనాలు వస్తే పంపు ఆపి ఆసుపత్రికి తీసుకురండి. అది ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ కావచ్చు.

రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్ తాగించకండి. ఇది మనవాళ్లు ప్రేమతో చేసే పెద్ద పొరపాటు. రక్తం ఎక్కించుకునే తలసేమియా బిడ్డకు ఇనుము మందు కాదు, అదే అసలు భారం. విటమిన్ సి మాత్రలు కూడా మీ అంతట మీరు వేయకండి.

డాక్టరు దగ్గరకు తీసుకెళ్లవలసిన ప్రశ్నలు

ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. లోపలికి వెళ్లాక మర్చిపోవడం అందరికీ మామూలే.

1. ఇప్పటి మందు మోతాదు మా బిడ్డ ఇప్పటి బరువుకు సరిపోతుందా?
2. గుండె ఎమ్మారై చేయించామా? ఎప్పుడు చేయించాలి?
3. కొత్త మందుకు ఏ పరీక్షలు, ఎన్ని రోజులకొకసారి? అవి మా ఊరి దగ్గర అవుతాయా?
4. ఏ లక్షణం కనిపిస్తే మందు ఆపాలి? రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి?
5. నెలకు ఖర్చెంత? ఎప్పుడూ దొరుకుతుందా?
6. మారిన మందు పనిచేస్తోందని ఎన్ని నెలలకు తెలుస్తుంది?

ఈ ఆరింటితో పాటు ఏడో ప్రశ్న ఒకటుంది. అది డాక్టరును అడిగేది కాదు, ఇంట్లో మీ బిడ్డను అడిగేది: “నీకు ఏది కష్టంగా ఉంది నాన్నా?” జవాబు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చోండి. మన బాబు విషయంలో సరైన మందు దొరకడానికి దారి చూపింది ఎమ్మారై ఒక్కటే కాదు. భయం లేకుండా చూపించిన ఆ రెండు వేళ్లు కూడా.